పెద్ద గ్రాఫిక్స్ కార్డులు ఇక స్టాకు పెట్టడం లేదు, ఎందుకో చెప్తాను

అందరికీ నమస్తే. విజయవాడ గవర్నర్‌పేటలో మన షాపుకి వచ్చే వాళ్లకీ, వాట్సాప్‌లో రేట్లు అడిగే వాళ్లకీ కలిపి ఒకేసారి రాస్తున్నాను. ఈ మధ్య రోజూ వినే ప్రశ్న ఒక్కటే: "అన్నా, ఆర్‌టీఎక్స్ 5090 ఇప్పుడే తీసేసుకోమంటావా, రేటు ఇంకా పెరుగుతుందంటున్నారు?" కంప్యూటర్‌లో బొమ్మని గీసి తెర మీదికి పంపేది గ్రాఫిక్స్ కార్డు, ఎన్విడియా కంపెనీ గేమింగ్ కార్డుల్లో అన్నిటికంటే పెద్దది ఈ 5090. గేమ్స్ ఆడుకోవడానికే అయితే వద్దు. ఈ నెల నుంచి ఆ కార్డు నేను స్టాకు పెట్టడం కూడా మానేస్తున్నాను. తప్పనిసరిగా కావాలన్న వాళ్లకి ఆర్డరు మీద తెప్పిస్తాను.

అమ్ముకునేవాడివి నువ్వే వద్దంటావేంటి అంటారు కాబట్టి లెక్క మీ ముందే పెడతాను. 2017లో జీటీఎక్స్ 1080 టీఐ వచ్చినప్పుడు అది ఎన్విడియా గేమింగ్ కార్డుల్లో పై వరుసది, ధర 699 డాలర్లు. అప్పుడు డాలరు 65 రూపాయల దగ్గర ఉండేది, పన్నులు కలపకముందు 45 వేల చిల్లర. 2025 జనవరిలో 5090 వచ్చింది, 1,999 డాలర్లు, డాలరేమో 86కి చేరింది. అక్కడికే లక్షా 72 వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తే 2 లక్షల 3 వేలు. మన దేశానికి కంపెనీ ప్రకటించిన ప్రారంభ ధర 2,14,000, కానీ ఆ రేటుకి నాకు ఒక్క పీసు కూడా దొరకలేదు. ఇంత రేటున్న కార్డు మీద షాపువాడికి బాగా మిగులుతుందనుకుంటారు, నిజానికి కేబినెట్ల మీద, కీబోర్డుల మీద మిగిలే శాతం కూడా దీని మీద మిగలదు.

రేట్లు ఎందుకు దిగడం లేదంటే, 2020-21లో కాయిన్ల మైనింగ్ (ఈ కార్డులతో ఎథీరియం లాంటి డిజిటల్ కాయిన్లు సంపాదించడం) పుణ్యమా అని పెరిగిన రేట్లు 2022లో ఆ మైనింగ్ చల్లబడి, సెప్టెంబరులో ఎథీరియం మైనింగ్ పూర్తిగా ఆగిపోయేసరికి దిగొచ్చాయి, ఈసారి సంగతి అలాంటిది కాదు. 2025 జనవరితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో ఎన్విడియాకి వచ్చిన 13 వేల కోట్ల డాలర్ల ఆదాయంలో 11,500 కోట్లు ఏఐ నడిపే పెద్ద డేటా సెంటర్ల నుంచే వచ్చాయి, గేమింగ్ వాటా పదో వంతు కూడా లేదు. ర్యాములోనూ, గ్రాఫిక్స్ కార్డులోనూ ఉండే మెమరీ చిప్పుల సంగతీ ఇంతే. ప్రపంచం మొత్తానికి మెమరీ చిప్పుల్లో ఎక్కువ భాగం చేసేది శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్, ఈ ముగ్గురే. వాళ్లు ఏఐ సర్వర్ల వైపు మొగ్గారు. 2025 డిసెంబరులో మైక్రాన్ అయితే మామూలు కస్టమర్లకి అమ్మే క్రూషియల్ బ్రాండునే వదిలేస్తున్నట్టు ప్రకటించింది. ర్యాము, కార్డు రెండూ ఒకేసారి ఎక్కి కూర్చున్నాయంటే కారణం అదే. రెండు నెలలు ఆగితే తగ్గుతుందని నేను ఎవరికీ మాట ఇవ్వలేను.

మరి ఆ డబ్బుకి తగ్గ పని జరుగుతుందా? దాని కింది మెట్టు కార్డు 5080 విడుదల ధర 999 డాలర్లు, 5090 దానికి రెట్టింపు. బొమ్మ బాగా స్పష్టంగా ఉండే 4కే స్క్రీను మీద ఆడితే 5090 సెకనుకి దాదాపు సగం ఎక్కువ ఫ్రేములు (అంటే కార్డు గీసే బొమ్మలు) ఇస్తుంది, రెట్టింపు కాదు. మామూలు 1080పీ (ఫుల్ హెచ్‌డీ) స్క్రీను మీద అయితే చాలా గేముల్లో ఆ తేడా కూడా ఉండదు, ఎందుకంటే అక్కడ కార్డు ఖాళీగా కూర్చుని ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తుంటుంది.

మొన్న కానూరు నుంచి ఒక ఇంజనీరింగ్ కుర్రాడు వాళ్ల నాన్నగారిని వెంటబెట్టుకుని 5080 కోసం వచ్చాడు. ఇంట్లో మానిటర్ ఏంటి బాబూ అని అడిగితే 24 అంగుళాలు, 1080పీ, 75 హెర్ట్జ్. ఎక్కువగా ఆడేది వాలొరాంట్ అనే షూటింగ్ గేము. టెస్టింగ్ టేబుల్ మీద అలాంటి మానిటరే పెట్టి, ఇదే వరుసలో చిన్న కార్డు, 16 జీబీ 5060 టీఐ వేసి చూపించాను. మూలన ఫ్రేముల నంబరు వందల్లో తిరుగుతోంది. "ఆ స్క్రీను సెకనుకి 75 బొమ్మలే చూపిస్తుంది, మిగతావి నీ కంటికి చేరవు" అన్నాను. వాళ్ల నాన్నగారు "అయితే మరి ముందు టీవీ మార్చాలేమోనండీ" అన్నారు, ఆయన అన్నదే కరెక్టు. ఆ కార్డూ, 180 హెర్ట్జ్ మానిటరూ తీసుకున్నారు. మిగిలిన డబ్బుతో మంచి యూపీఎస్ కొనమని చెప్పి పంపాను.

ఫ్రేముల నంబర్ల గురించి ఇంకొక్క మాట. చిన్న కార్డు 5070, ముందు తరం పెద్ద కార్డు 4090తో సమానం అని 2025 జనవరిలో ఎన్విడియా వాళ్లు స్టేజీ మీద చెప్పారు కదా, అది మల్టీ ఫ్రేమ్ జనరేషన్ ఆన్ చేసి వేసిన లెక్క. అంటే కార్డు నిజంగా గీసిన ఒక్కో ఫ్రేముకీ మరికొన్ని సొంతంగా అల్లి మధ్యలో పెడుతుంది. కథ నడిచే గేముల్లో చూడ్డానికి చాలా బాగుంటుంది, నాకూ నచ్చింది. కానీ మౌసు కదిపితే స్పందించే వేగం అసలు ఫ్రేముల మీదే ఆధారపడుతుంది. షూటింగ్ గేములు ఆడేవాళ్లు ఆ నంబరు చూసి డబ్బులు పెట్టొద్దు.

కరెంటు, వేడి సంగతి మన ఊళ్లో ఎవరూ తీసిపారేయడానికి లేదు. 5090 ఒక్కటే పూర్తి లోడు మీద 575 వాట్లు లాగుతుంది. రోజుకి నాలుగు గంటలు అలా ఆడితే నెలకి 69 యూనిట్లు, అదీ కార్డుకి మాత్రమే, ఏసీ వేరే. రోహిణి కార్తెలో తలుపులేసుకున్న గదిలో ఆ వేడంతా ఎటు పోతుంది? కంపెనీ చెప్పే ప్రకారం 1000 వాట్ల పవర్ సప్లై కావాలి. కార్డుకి కరెంటు అందించే 16 పిన్నుల కనెక్టర్ దగ్గర ప్లాస్టిక్ కరిగిన కేసులు 4090కీ, 5090కీ రెండిటికీ బయటపడ్డాయి. అందుకే ఈ కార్డులు మా దగ్గర కొన్నవాళ్లకి నేనే దగ్గరుండి బిగిస్తాను. ప్లగ్గుకీ సాకెట్టుకీ మధ్య గోరు దూరేంత సందు కూడా ఉండకూడదు, కేబుల్ మొదట్లోనే వంచకూడదు.

బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో రెండరింగ్, సినిమా ఎడిటింగ్, ఇంట్లోనే ఏఐ మోడళ్లు నడపడం లాంటి పనులతో సంపాదిస్తున్న వాళ్ల లెక్క వేరు. వాళ్లకి 5090లో ఉన్న 32 జీబీ మెమరీ నిజంగా పనికొస్తుంది, పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. 4కే మానిటర్ ఇప్పటికే ఉండి, చేతిలో డబ్బుండి, ఇష్టపడి కొనేవాళ్లని కూడా నేను ఆపను. మిగతా వాళ్లకి 16 జీబీ ఉన్న 5060 టీఐ గానీ, ఎన్విడియాకి పోటీ కంపెనీ ఏఎమ్‌డీ వాళ్ల 9070 ఎక్స్‌టీ గానీ చెప్తాను. 8 జీబీ కార్డు కొత్తగా కొనకండి, కొత్త గేములకి అది ఇప్పుడే ఇరుకవుతోంది.

ఇక షాపు సంగతులు. డిస్ట్రిబ్యూటర్ రేట్లు తరచూ మారుతున్నాయి కాబట్టి నేనిచ్చే కొటేషన్ ఆ రోజు సాయంత్రం వరకే. అడ్వాన్స్ కట్టిన వాళ్లకి మాత్రం తర్వాత రేటు పెరిగినా మాట్లాడుకున్న రేటే, ఆ తేడా నేను భరిస్తాను. ప్రతి కార్డు సీరియల్ నంబరూ బిల్లు మీద రాసిస్తాను, రేపు వారంటీకి అదే ఆధారం. పాత కార్డు మార్చుకోవాలనుకునే వాళ్లు దాన్ని మధ్యాహ్నం లోపు తీసుకురండి, గంటసేపు లోడు మీద నడిపి చూశాకే రేటు చెప్తాను.