బేరి మొక్కకి బొమ్మ కడుతున్నారు, చలి సంగతి చెప్పడం లేదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం పేజీల్లో మిద్దె తోటలు, పెరటి మొక్కల గురించి వచ్చేవి నేను వదలకుండా చదువుతాను, అందుకే ఈ విషయం మీకే రాస్తున్నాను. విశాఖలో ఈమధ్య నర్సరీల దగ్గర, తోపుడు బండ్ల మీద ఆసియా బేరి అంటు మొక్కలు అమ్ముతున్నారు. మనం పియర్స్ అనో నాశపతి అనో కొనుక్కునే పండు కుటుంబమే, కాకపోతే ఇవి గుండ్రంగా ఉండి, కొరికితే కరకరలాడుతూ మోచేతి దాకా రసం కారే జపాన్, చైనా, కొరియా రకాలు. మొక్కకి ఒక రంగుల బొమ్మ కట్టి ఉంటుంది, అందులో బంగారు రంగు పండు, కింద సువాసన గల జపాన్ పియర్, రెండేళ్లలో కాపు అని రాసి ఉంటుంది. రకం పేరు ఉండదు. చలి మాట అసలే ఉండదు.

మా పక్కింటి పిన్నిగారు, 2014 హుద్‌హుద్ తుపానుకి కూలిపోయిన మామిడి చెట్టు చోట ఇలాంటి మొక్కే తెచ్చి పెట్టుకున్నారు. పాదు చేశారు, ఎరువు వేశారు, ఎండాకాలం గోనెపట్టా నీడ కట్టారు, ఏ లోటూ చెయ్యలేదు. ఆ మొక్కని నేను దగ్గరగా చూశాను. కొమ్మ చివర ఒక్క మొగ్గ మాత్రం విచ్చుకుని నాలుగు ఆకులు వేస్తుంది, దాని కింద పక్క మొగ్గలన్నీ గోధుమ రంగులో గట్టిగా ముడుచుకుని అలాగే ఉండిపోతాయి, పాత ఆకులు జనవరిలో కూడా సరిగా రాలవు. పూత అన్నదే లేదు. అమ్మినాయన్ని అడిగితే ఇంకో మందు కొట్టమన్నాడట! ఎన్ని మందులు కొట్టినా ఏం లాభం, ఆ చెట్టుకి కావలసింది మన ఊళ్లో లేదు.

బేరి చెట్టు శీతాకాలంలో ఆకు రాల్చి నిద్రపోవాలి, ఆ నిద్ర తీరడానికి సుమారు 7 డిగ్రీల లోపు చలి కొన్ని వందల గంటల పాటు తగలాలి. అప్పుడే మొగ్గలన్నీ ఒకేసారి పగిలి పూత వస్తుంది. పంజాబ్‌లో ఎప్పటినుంచో పండిస్తున్న పత్థర్‌నాఖ్ అనే గట్టి రకానికి దాదాపు 150 గంటలు చాలంటారు, ఈ జాతిలో అది చాలా తక్కువ కింద లెక్క. మరి విశాఖలో జనవరి రాత్రి కూడా 17, 18 డిగ్రీల దగ్గరే ఉంటుంది కదా, ఆ 150 అయినా ఎక్కడినుంచి వస్తాయి?

పైగా సువాసన కావాలంటే ఇంకా చిక్కు. చైనాలో అన్‌షాన్ ప్రాంతపు నాంగువో బేరిని గట్టిగా ఉన్నప్పుడే కోసి ఇంట్లో కొన్నాళ్లు ఉంచితే మెత్తబడి, గది మొత్తం వాసన వేస్తుంది. షిన్‌జియాంగ్‌లో కోర్లా బేరి చిన్నగా, ఆకుపచ్చ తొక్క మీద ఎర్ర జీరతో, వాసనకే పేరుపడ్డది. రెండూ గడ్డకట్టే చలి ఉన్న చోట్ల పెరిగేవే. జపాన్ రకాలు, హోసుయి, కోసుయి, నిజిస్సేకి లాంటివి, తీపికీ రసానికీ పెట్టింది పేరు గానీ వాసనలో వాటితో తూగవు. తక్కువ చలితో సరిపెట్టుకుంటూ కాస్త పరిమళం కూడా ఇచ్చేది చైనా వాళ్ల యా లీ, సన్నని మెడతో లేత పసుపు రంగులో ఉంటుంది. నన్నడిగితే మనవాళ్లు ముందు పరీక్షించాల్సింది దాన్నే.

ఎక్కడ అంటారా, కొండ మీద. లంబసింగి సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు, శీతాకాలం రాత్రుల్లో ఒంటి అంకెకి దిగుతుంది, అక్కడ స్ట్రాబెర్రీ పండిస్తూనే ఉన్నారు. చింతపల్లిలో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది, వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. వీళ్లు కలిసి యా లీ, పత్థర్‌నాఖ్, ఇంకా తక్కువ చలి రకాలు కొన్ని వేసి, ఏది పూసింది, ఏది కాసింది, ఏది వాసన వేసింది అని బయటపెడితే ఎంత మేలు! మొక్కలు వచ్చాక మొదట అక్కడి గిరిజన కుటుంబాల పెరళ్లకే ఇవ్వాలి, ఆ చలి, ఆ నేల వాళ్లవి.

తైవాన్ వాళ్లు చేసేది మన శాస్త్రవేత్తలు తప్పకుండా చూడాలి. అక్కడి పల్లపు ప్రాంతాల్లో జపాన్ రకాలకి చాలినంత చలి ఉండదు. అందుకని తక్కువ చలికే అలవాటుపడ్డ హెంగ్‌షాన్ అనే బేరి చెట్ల మీద, చలి తిన్న పూమొగ్గలున్న హోసుయి లాంటి వాటి పుల్లలు తెచ్చి ఏటా శీతాకాలంలో అంటు కడతారు. ఆ అంటే పూసి, ఆ ఏడాదే కాస్తుంది, మళ్లీ ఏడాది మళ్లీ కట్టాలి. పని ఎక్కువే, కానీ కడియం వైపు అంటు కట్టే చేతులకి ఇదో లెక్క కాదు. మన దగ్గర ఏ చెట్టు మీద కట్టాలో, ఏ ఎత్తులో పని చేస్తుందో పరిశోధన కేంద్రాలే తేల్చాలి.

చలి ఉన్న చోట పెరడు ఉన్నవాళ్లకి రెండు మాటలు. ఒక్క మొక్క పెడితే కాపు ఆశించొద్దు, చాలా రకాలు తమ పుప్పొడితో తాము కాయవు, ఒకే సమయంలో పూసే ఇంకో రకం పక్కన ఉండాలి. గుత్తికి ఒక్క పిందె ఉంచి మిగతావి తుంచేయాలి, ప్రాణం ఒప్పదు గానీ తుంచకపోతే కాయ నిమ్మకాయంత దగ్గరే ఆగిపోతుంది. జపాన్‌లో, కొరియాలో పిందె మీద కాగితం సంచి కడతారు, తొక్క నున్నగా వస్తుంది, పురుగు చేరదు. జపాన్ రకాలు చెట్టు మీదే పండాలి, నాంగువో లాంటివి కోశాక మాగాలి, ఇది తెలియక కోసి రుచి లేదనుకునేవాళ్లు ఉంటారు.

ఇదంతా పెద్ద తోటల వ్యవహారం అనుకోవద్దు. నిజిస్సేకి రకం మొదలైంది 1888లో జపాన్‌లోని మట్సుడోలో, ఒక కుర్రాడు చెత్తకుప్ప దగ్గర మొలిచిన మొక్కని చూసి తెచ్చి పెంచుకోవడంతోనే. ఇంటి మనుషుల శ్రద్ధకి ఉన్న బలం అది. అంత శ్రద్ధ ఉన్న మన వాళ్లకి తెలిసి తెలిసి కాయని మొక్క అంటగడుతుంటే నాకు కడుపు మండిపోతోంది.

ఉద్యాన శాఖ వారికి నా విన్నపం ఒక్కటే. అమ్మే ప్రతి బేరి మొక్కకీ రకం పేరు, ఏ వేరు మీద అంటు కట్టారు, ఎన్ని గంటల చలి కావాలి, పక్కన ఏ రకం ఉండాలి అన్నవి తెలుగులో రాసిన చీటీ ఉండాలని నర్సరీలకి నిబంధన పెట్టండి. మీ పత్రిక వారు కూడా ఇలాంటి చలిదేశపు పండ్ల గురించి రాసినప్పుడు, ఈ మొక్క విశాఖలో పూస్తుందా పూయదా అన్నది మొదటి వాక్యంలోనే రాయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సీతమ్మధార, విశాఖపట్నం