ఎర్రదాన్ని వదిలేసి గుమస్తాని తెచ్చుకున్నా

మెల్‌బోర్న్
ఆదివారం, రాత్రి పదిన్నర

ఒరేయ్ బావా,

ముందు తిట్టేసెయ్. బాగా తిట్టుకున్నాక చదువు. దసరా ముందు నువ్వు రాసిన ఉత్తరానికి దీపావళి కూడా వెళ్లిపోయాక జవాబు రాస్తున్నాను. రెండుసార్లు మొదలుపెట్టి, రెండుసార్లూ "ఇక్కడ అందరం క్షేమం" దగ్గరే ఆగిపోయాను. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ కంటి ఆపరేషన్‌కి నువ్వు రెండు రోజులు సెలవు పెట్టావని ఆవిడే చెప్పింది. దాని గురించి ఏం రాయాలో తెలీక రాయట్లేదు. చిన్నదానికి ముందు పళ్లు ఊడాయి. ఉద్యోగం ఉంది. అయిపోయాయి కబుర్లు.

పడవ కొన్నాన్రా! కయాక్. ఒకరో ఇద్దరో కూర్చుని తెడ్డుతో నడిపే సన్నటి పడవ.

ఒక్క ముక్కలో రాసేశాను గానీ దీని వెనక ఆరు వారాల కథ ఉంది. నీకు కాకపోతే ఎవరికి చెప్పను? ఆఫీసులో కయాక్ అంటే "ఓహో, వీకెండ్‌కా" అంటారు. మీ చెల్లెమ్మ దగ్గర ఆ మాటెత్తితే లేచి వంటింట్లోకి వెళ్లిపోతోంది.

మార్చిలో, ఆస్ట్రేలియాకీ టాస్మానియా దీవికీ మధ్యనున్న బాస్ జలసంధిని కయాక్‌ల మీద దాటుదామనుకుంటున్నామని పోయిన ఉత్తరంలో రాశాను కదా. నువ్వేమో "నీకు ఈతే రాదు కదరా" అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నావు. వచ్చు. నేర్చుకున్నాను. కాలవలోంచి నువ్వు జుట్టు పట్టుకుని లాగిన రోజులు పోయాయి.

దారి ఇదీ. మా విక్టోరియా రాష్ట్రానికి దక్షిణం కొసన విల్సన్స్ ప్రొమొంటరీ అని, కొండలు సముద్రంలోకి చొచ్చుకుపోయిన చోటు ఉంది. అక్కణ్ణించి హోగన్ దీవికి ఒక రోజు, డీల్ దీవికి ఇంకో రోజు. ఆ తర్వాత ఫ్లిండర్స్ దీవికి 60 కిలోమీటర్ల పైచిలుకు, మధ్యలో నడుం వాల్చే చోటు లేదు. ఇక దీవుల అంచునే దిగుతూ వెళ్లి, ఆఖర్న బ్యాంక్స్ జలసంధి దాటితే టాస్మానియా. మొత్తం 300 కిలోమీటర్ల పైమాటే. తెడ్డు వేసేది ఏడెనిమిది రోజులే అయినా, గాలి తగ్గేదాకా దీవుల మీద కూర్చోవాలి కనక మూడు వారాల తిండి మోసుకెళ్లాలి. బాస్ జలసంధి లోతు సగటున 60 మీటర్లే. అందుకే గాలి లేచిందంటే అలలు పొట్టిగా, నిటారుగా, ఊపిరి తీసుకోనివ్వకుండా వస్తాయి. పైగా 40వ అక్షాంశం, పడమటి గాలి ఎక్కువ. మేం వెళ్లేది ఆగ్నేయానికి. అంటే కుడి పక్క నుంచి రోజంతా కొడుతూనే ఉంటుంది. ఈ పక్కగాలి సంగతి గుర్తుపెట్టుకో, నా పరువు పోయేది దీని దగ్గరే.

పడవలు మూడు చూశాను. మొదటిది ప్లాస్టిక్‌ది. పేరు పిండిరుబ్బు (నేను పెట్టిందే). చవక, రాళ్ల మీద ఈడ్చినా చెక్కు చెదరదు. కానీ దాదాపు 30 కిలోలు. కారు మీదకి ఒక్కసారి ఎత్తి, దించి, దణ్ణం పెట్టి వచ్చేశాను.

రెండోది ఎర్రది. ఫైబర్‌గ్లాస్. పదిహేడున్నర అడుగుల పొడుగు, మూరెడు దాటితే ఒట్టు అన్నంత సన్నం, ముక్కూ తోకా పైకి లేచి నెలవంకలాగా ఉంటుంది. దానికి చుక్కాని ఉండదు, స్కెగ్ ఉంటుంది. అంటే తోక దగ్గర పొట్టలోంచి కిందకి దిగే చిన్న రెక్క. అది పడవని తిప్పదు, గాలికి తోక జారిపోకుండా పట్టుకుంటుందంతే. నీకు అర్థమయ్యేలా చెప్పాలంటే, లైబ్రరీ మెట్లు. చాలు, ఇంకేం రాయను, నువ్వు ఈ ఉత్తరం ఎక్కడ పెడతావో నాకు తెలుసు.

మూడోది గుమస్తా. సెకండ్ హ్యాండ్. ఇక్కడే ఆస్ట్రేలియాలో తయారైంది. తెల్ల పొట్ట, పసుప్పచ్చ వీపు, 5.8 మీటర్లు. తోకని ఎవరో కత్తిపెట్టి నరికేసినట్టుంటుంది, ఆ నరికిన చోటే చుక్కాని. కాళ్లతో పెడల్ నొక్కితే తిరుగుతుంది. మన కాలేజీ గుమస్తా గుర్తున్నాడా? నవ్వడు, పలకరించడు, హాల్ టికెట్ మాత్రం ఏనాడూ ఆపలేదు. అచ్చం ఆయనే.

మమ్మల్ని తీసుకెళ్లేది ఒక పెద్దావిడ. 61 ఏళ్లు, నర్సుగా చేసి రిటైరైంది. ఈ దారిన ఇప్పటికి రెండుసార్లు వెళ్లింది. ముగ్గురికి తక్కువైతే రానంటుంది, అందుకని మూడోవాడు ఒక గుంటూరు కుర్రాడు. వాడు ఇద్దరు కూర్చునే పడవ కొందామని పట్టుబట్టాడు. ఉదాహరణలన్నీ చెప్పాడు. కాస్ట్రిషన్, జోన్స్ అని ఇద్దరు సిడ్నీ కుర్రాళ్లు 2008 జనవరిలో న్యూజీలాండ్ చేరింది జంట కయాక్‌లోనే, 62 రోజులు పట్టింది. 1987లో ఎడ్ గిలెట్ కాలిఫోర్నియా నుంచి హవాయికి 63 రోజుల్లో వెళ్లిందీ జంటదాన్లోనే, అయితే ఆయన ఒక్కడే ఎక్కి రెండో మనిషి చోటంతా సామాను పెట్టుకున్నాడు. అంతా విన్నాను. ఒకే పడవలో ఇద్దరు ఎక్కితే ఏమవుతుందో అరటి బోదెల తెప్ప రోజే తేలిపోయింది కదా బావా? నీ ఎడమ చెప్పు ఇప్పటికి బంగాళాఖాతం దాటి ఉంటుంది. వద్దన్నాను.

పెద్దావిడ షరతు ఒకటే. ఖాళీ పడవ నడిపి చూసి కొనొద్దు, ప్రయాణంలో ఉండేంత బరువు వేసి చూడు అంది. సరేనని ఇండియన్ షాపుకి వెళ్లి 10 కిలోల సోనా మసూరి సంచులు మూడు కొన్నాను. షాపతను "ఫంక్షనా అన్నా?" అన్నాడు. అవును, నాదే.

శనివారం పొద్దున రికెట్స్ పాయింట్ దగ్గర. గాలి గట్టిగా ఉంది, కావాలనే ఆ రోజు ఎంచుకున్నాం. ముందు ఎర్రదే. బియ్యం సంచులు రెండు ముక్కులోకి తోసేశాను, అక్కడ చోటు కనిపించింది మరి. 10 లీటర్ల నీళ్ల సంచి సీటు వెనక. గులకరాళ్ల మీద నుంచి జరజరా లాక్కెళ్లి నీళ్లలో వేసి కూర్చున్నాను. నూరు మీటర్లు వెళ్లానో లేదో, ముక్కు గాలివైపు తిరగడం మొదలుపెట్టింది. నేను ఎడమకి పోదామంటాను, అది కుడికి పోతుంది. ఒక్క పక్కే తెడ్డు వేసి వేసి భుజం ఊడొచ్చింది. ఒడ్డున ఎవరిదో పిల్లాడి పుట్టినరోజు పార్టీ. ఆ పార్టీ చుట్టూ గుడి ప్రదక్షిణం చేసినట్టు అర్ధచంద్రాకారంలో తిరుగుతున్నాను, పిల్లలు చప్పట్లు కొడుతున్నారు.

స్కెగ్ దించుదామని పక్కనున్న మీట జరిపాను. కదల్లేదు. ఒక గులకరాయి ఆ సందులో ఇరుక్కుపోయిందట, ఇది స్కెగ్ పడవలకి మామూలేనట, అదంతా తర్వాత తెలిసింది. ఏమైందా అని వెనక్కి తిరిగి తోకవైపు చూశాను చూడూ...

15 డిగ్రీల నీళ్లు బావా. తలకిందులుగా. గుండె ఆగినట్టయింది. పడవలోకి నీళ్లు రాకుండా నడుముకి బిగించిన గుడ్డ లాగేసి బయటపడ్డాను, అంతవరకు ప్రాక్టీసు ఉంది. తెడ్డు చివర గాలి సంచి తగిలించి, దాని మీద బరువు వేసి మళ్లీ ఎక్కడానికి ఎనిమిది నిమిషాలు. ఎక్కితే లోపలంతా మన పెరట్లో గాబులాగా నీళ్లు. పంపుతో తోడుతుంటే పెద్దావిడ పక్కకి వచ్చి ఆగింది. సాయం చెయ్యలేదు. "ముక్కులో ఏం పెట్టావు?" అనడిగింది. బియ్యం అన్నాను. అప్పుడు చెప్పింది. ముందు బరువైతే ముక్కు నీళ్లని పట్టుకుంటుంది, తేలిగ్గా ఉన్న తోకని గాలి నెట్టేస్తుంది, పడవ గాలికి ఎదురు తిరుగుతుంది. వెనక మరీ బరువైతే దీనికి ఉల్టా. బరువంతా మనిషికి దగ్గర్లో ఉండాలి, కొసల్లో బట్టలూ నిద్రసంచీ లాంటి తేలికవి.

ఒక సంచి మూతి సరిగ్గా మడవలేదు, 10 కిలోల బియ్యం సముద్రం తాగాయి. మీ చెల్లెమ్మ కడిగి, ఆరబెట్టి, పిండి పట్టించింది. ఈ దీపావళికి మా ఇంట్లో జంతికలు ఆ పిండివే. ఉప్పు వేసే పని లేకపోయింది.

మధ్యాహ్నం గుమస్తా ఎక్కాను. సామాను ఆవిడే సర్దింది. అదే గాలి, అవే అలలు. కాలు కొంచెం నొక్కితే ముక్కు కొంచెం తిరిగింది. గంటసేపు తెడ్డు వేశాను. చెప్పుకోడానికి ఏమీ జరగలేదు.

ఇంత జరిగాక కూడా నాకు ఎర్రదే కావాలనిపించింది, తెలుసా? వారం రోజులు సాకులు వెతికాను. చుక్కాని తీగ తెగితే? అని పెద్దావిడని అడిగాను. తెగుతుంది, వేరే తీగ పెట్టుకుని వెళ్లు, అలల్లో మార్చడం నేర్చుకో అంది. ఆఖరికి మూడు లీటర్ల కుక్కర్ దొరికింది సాకుగా. గ్యాస్ కలిసొస్తుందని పప్పన్నానికి అదే పట్టుకెళ్దామనుకున్నాను. గుమస్తా వెనక మూత కోలగా పెద్దగా ఉంది, కుక్కర్ దూరిపోయింది. ఎర్రదాని ముందు మూత గుండ్రంగా 24 సెంటీమీటర్లే, పిడి అడ్డం పడింది. ఇంటికొచ్చి దిగాలుగా, "ఎర్రదాంట్లో కుక్కర్ పట్టట్లేదే, అందుకని..." అన్నాను. మీ చెల్లెమ్మ మాట్లాడకుండా స్క్రూడ్రైవర్ తెచ్చి నిమిషంలో పిడి ఊడదీసి నా చేతిలో పెట్టింది. "ఇప్పుడు దేంట్లోనైనా పడుతుంది. నీకేది కావాలో అది కొనుక్కో, నా కుక్కర్ మీద పెట్టకు" అంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆండ్రూ మెకాలీ గుర్తొచ్చాడు. 2003లోనే బాస్ జలసంధిని ఎక్కడా ఆగకుండా దాటినవాడు. 2007 జనవరిలో టాస్మానియా నుంచి ఒంటరిగా న్యూజీలాండ్ బయల్దేరాడు. నెల రోజులు నడిపాడు. ఇంకొక్క రోజులో ఒడ్డు అనగా పడవ దొరికింది, అతను దొరకలేదు. అంతటివాడు. నేనెవరిని? పది గంటల దారిలో ఎనిమిదో గంటకి నా భుజాలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. అప్పుడు నేను బతిమాలుకునే పడవ ఉండకూడదురా. పొద్దున్నే ఫోన్ చేసి గుమస్తాకి డబ్బు కట్టేశాను. ఎర్రదాన్ని ఎవరో కొనుక్కున్నారట. మళ్లీ లైబ్రరీ మెట్లే.

ఒక సంగతి నీ కడుపులో పెట్టుకో. ఆ 60 కిలోమీటర్ల మాట మీ చెల్లెమ్మకి ఇంకా చెప్పలేదు. "దీవి నుంచి దీవికి" అని మాత్రం చెప్పాను. చెప్పాలి. ఎలాగో...

మీ పెద్దమావయ్యకి వీడియోలో పడవ చూపించాను. అటూ ఇటూ చూసి "చేపలెక్కడ వేస్తారు?" అన్నాడు. చేపలు పట్టం అంటే, మరి అంత దూరం ఎందుకు అని ఫోన్ మీ అత్తయ్యకి ఇచ్చేశాడు. ఆయనకి ఆస్కార్ స్పెక్ సంగతి చెప్పు. జర్మనీవాడు, 1932లో ఉల్మ్ ఊళ్లో మడత కయాక్ డాన్యూబ్‌లో వేసి, 1939లో ఆస్ట్రేలియా కొస చేరాడు. సిలోన్ నుంచి మన తూర్పు తీరం వెంటే పైకి వెళ్లాడు. అంటే ఉప్పాడ ముందు నుంచి పోయి ఉండాలి కదా! అప్పటి ముసలివాళ్లెవరైనా చూసి... ఇక్కడ దిగేసరికి యుద్ధం వచ్చింది, శత్రుదేశం వాడని పట్టుకుని క్యాంపులో పెట్టారు. ఆ తటూరా క్యాంపు ఉన్న చోటు మా ఊరికి రెండు గంటల దూరమే. వెళ్లొచ్చి వివరంగా రాస్తాను, అక్కడ నాకొకటి...

పెద్దావిడ మెసేజ్. రేపు పొద్దున ఐదుకి గాలి బాగుందట, రమ్మంటోంది. గుమస్తా గరాజ్‌లో పట్టక హాల్లోంచి వంటింటిదాకా పడుకుని ఉన్నాడు, చిన్నది అందులోనే నిద్రపోయింది. దాన్ని లేపి తియ్యాలి. ఉంటాను.

నీ
బోదె