‘వద్దు’ అన్నవాళ్ల పేరు కూడా వేయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం కుటుంబ కంపెనీల మీద మీరు వేసిన పెద్ద కథనం చదివాను. తండ్రి చిన్న షెడ్డులో మొదలుపెట్టడం, కొడుకులు చదువుకుని వచ్చి చేయి వేయడం, అన్నదమ్ములంతా ఒక్క మాట మీద ఉండటం, ఇంకేముంది, కంపెనీ పెరిగిపోయింది. చదవడానికి బాగానే ఉంది. కానీ మాదీ అలాంటి ఎలక్ట్రికల్ కంపెనీయే, కాలిన మోటార్లకి కొత్త తీగ చుట్టే రీవైండింగ్‌తో మొదలై ప్యానెల్ బోర్డుల దాకా వచ్చింది, అందులో లెక్కలూ టెస్టింగ్ రిజిస్టరూ చూసేది నేనే కాబట్టి ఆ ‘ఒక్క మాట’ దగ్గర ఆగిపోయాను. మా ఇంట్లో అందరం ఒక్క మాట మీద ఉన్న రోజునే మాకు పెద్ద దెబ్బ తగిలింది.

ఒక పంపు మోటారు కాలిపోయి వచ్చింది. పాత కాయిల్స్ తీసేసి, స్లాట్లు శుభ్రం చేసి, కొత్త ఇన్సులేషన్ పేపర్ పెట్టి, కొత్త రాగి తీగ చుట్టి, వార్నిష్‌లో ముంచి ఓవెన్‌లో పెట్టాం. అవతలివాళ్లు గంటకోసారి ఫోన్. సాయంత్రం మా హెడ్ మేస్త్రి దాన్ని బయటికి తీసి, కరెంటు బాడీలోకి కారుతుందేమో కొలిచే మెగ్గర్ వైరు ఒకటి టెర్మినల్‌కి పెట్టి, రెండోది పెట్టడానికి బాడీ మీద పెయింట్ కాస్త గీకి, హ్యాండిల్ తిప్పాడు. ముల్లు 1 మెగా ఓమ్ కూడా దాటలేదు. లోపల తడి ఉందన్నమాట. "ఇది ఇవాళ పోదన్నా, ఇంకో రాత్రి ఓవెన్‌లో ఉండాలి" అన్నాడు నాన్నతో. నాన్న వినలేదు. తమ్ముడు అప్పటికే బండి మాట్లాడేశాడు. నేనూ పంపేద్దామనే అన్నాను, పైగా రిజిస్టర్లో ఆ రీడింగ్ రాయాల్సిన గడి ఖాళీగా వదిలేశాను. రెండు రోజులకి మోటారు తిరిగొచ్చింది, మూత తీస్తే కాలిన వార్నిష్ వాసన గుప్పుమంది. మళ్లీ మొత్తం చుట్టి డబ్బు తీసుకోకుండా ఇచ్చాం, వాళ్లకి పని ఆగిన రోజులకి కూడా కట్టాం. అయినా ఆ పార్టీ ఏడాది పాటు మా గుమ్మం తొక్కలేదు.

ఆ తర్వాతే మేస్త్రి సంతకం లేకుండా ఏ సరుకూ గేటు దాటకూడదని పెట్టుకున్నాం. నాన్న చెప్పినా సరే. ఈ ‘నాన్న చెప్పినా సరే’ అన్న ముక్క మా ఇంట్లో ఒప్పుకోవడానికి ఎన్ని నెలలు పట్టిందో, ఎన్ని పూటలు మాటలు లేకుండా భోజనాలు చేశామో నేను చెప్పక్కర్లేదు, కుటుంబ కంపెనీలో ఉన్నవాళ్లకి తెలుసు. ప్యానెల్ బోర్డుల ఆర్డర్లు వచ్చింది ఆ సంతకాల వల్లే అని నా నమ్మకం. పెద్ద పార్టీ ఏదైనా మొదట అడిగేది టెస్ట్ రిపోర్టే, రేటు తర్వాత.

మీ కథనంలో జర్మనీ ఎలక్ట్రికల్ కంపెనీ సీమెన్స్ గురించి కూడా రెండు వాక్యాలు రాశారు, అన్నదమ్ముల ఐకమత్యానికి ఉదాహరణగా. ఆ కథ ఇంకాస్త లోపలికి వెళ్లి చూడాల్సింది. 1847లో బెర్లిన్‌లో ఆ కంపెనీ పెట్టినప్పుడు దాని పేరు సీమెన్స్ అండ్ హాల్స్కే. వెర్నర్ సీమెన్స్ అప్పటికింకా సైన్యంలో అధికారి, బుర్రలో ఆలోచనలు చాలా ఉన్నాయి, చేతిలో డబ్బు లేదు. యోహాన్ గియోర్గ్ హాల్స్కే ప్రెసిషన్ మెకానిక్, అంటే మన మేస్త్రి లాంటివాడు, కాకపోతే భాగస్వామి. చక్రం మీద ముల్లు తిరిగి అక్షరాలు చూపించే టెలిగ్రాఫ్ నమూనాని వెర్నర్ చుట్ట పెట్టెలు, రేకు ముక్కలు, ఇనుప ముక్కలు, కాస్త రాగి తీగతో చేసి చూపించాడట. ఇది పనిచేస్తుందా అని మొదట అనుమానపడ్డ హాల్స్కే, అది ఆడటం చూశాకే చేతులు కలిపాడు. పెట్టుబడి పెట్టింది బంధువే, వెర్నర్ కజిన్ అయిన ఒక లాయరు, 6,842 థాలర్లు (అప్పటి జర్మన్ నాణేలు). ఒక ఇంటి వెనక భాగంలో చిన్న వర్క్‌షాపు, పది మంది పనివాళ్లు. (ఆ లాయరు కొడుకే తర్వాత డాయిష్ బ్యాంక్ మొదటి డైరెక్టర్లలో ఒకడయ్యాడు. చుట్టరికం ఎక్కడిదాకా పోతుందో చూడండి.)

మొదట్లో అంతా బాగుంది, బెర్లిన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి టెలిగ్రాఫ్ లైను వేశారు. రాగి తీగ మీద అతుకు లేకుండా గట్టాపర్చా అనే చెట్టు పాల పదార్థం పూసి, భూమిలో పాతి వేసే లైన్లు కూడా వచ్చాయి. ఇక్కడే దెబ్బ. తొందరలో లోతు లేకుండా, పైన రక్షణ కవచం లేకుండా పాతేశారు, ఎలుకలు కొరికేశాయి, ఇన్సులేషన్ పాడైంది. తప్పు ఎవరిదన్నదాని మీద ప్రష్యా (బెర్లిన్ రాజధానిగా ఉన్న అప్పటి జర్మన్ రాజ్యం) టెలిగ్రాఫ్ శాఖకీ వెర్నర్‌కీ గొడవ, వెర్నర్ ఏకంగా దాని మీద చిన్న పుస్తకమే అచ్చేశాడు, 1851లో సర్కారు ఆర్డర్లు ఆగిపోయాయి. నాకు ఇది చదివినప్పుడల్లా మా మోటారే గుర్తొస్తుంది. ఎలక్ట్రికల్ పనిలో రాగి కన్నా దాని చుట్టూ ఉన్న పొరే ఎక్కువ ఏడిపిస్తుంది.

కంపెనీని నిలబెట్టింది రష్యా. అక్కడికి వెళ్లిన తమ్ముడు కార్ల్ అప్పటికి ఇరవై నాలుగేళ్లవాడు. లైన్లు వేయడంతో పాటు వాటిని కాచుకుని నడిపే కాంట్రాక్టు కూడా దొరికింది, ఏటా వచ్చే ఆ డబ్బు వాళ్లకి ఊపిరి. సర్వీస్ కాంట్రాక్టు విలువ ఏంటో మా తమ్ముడికి నేను చెప్పేది దీన్ని చూపించే. ఇంకో తమ్ముడు విల్హెల్మ్ లండన్‌లో ఉండి సముద్రం అడుగున వేసే కేబుళ్ల మీద పడ్డాడు. 1864లో స్పెయిన్ నుంచి అల్జీరియాకి వేసిన కేబుల్ తెగిపోయి బోలెడు నష్టం వచ్చింది. హాల్స్కేకి ఈ జూదం నచ్చలేదు. లండన్ వ్యాపారం నుంచి తప్పుకున్నాడు, అది 1865లో సీమెన్స్ బ్రదర్స్ అయింది, 1867కల్లా బెర్లిన్ కంపెనీ నుంచి కూడా బయటికి వచ్చేశాడు. అన్నదమ్ముల ఐకమత్యం అంటే ఇదీ ఉంది అందులో, ఒప్పుకోని భాగస్వామి బయట, ఒప్పుకున్న తమ్ముళ్లు లోపల.

అలాగని హాల్స్కే చెప్పిందే రైటని నేను అనను. లండన్ నుంచి కలకత్తాకి దాదాపు 11,000 కిలోమీటర్ల టెలిగ్రాఫ్ లైను 1870లో పూర్తి చేసింది ఆ అన్నదమ్ములే, తర్వాత అట్లాంటిక్‌లో కేబుళ్లు వేసిందీ వాళ్లే. యంత్రం తిప్పి కరెంటు పుట్టించడానికి వెర్నర్ 1866లో కనిపెట్టిన డైనమో సూత్రం లేకపోతే తర్వాతి భారీ కరెంటు వ్యాపారమే లేదు. భయపడి ఆగి ఉంటే చిన్న వర్క్‌షాపుగానే మిగిలేవాళ్లేమో. కానీ పాతికేళ్లు కూడా నిండని కంపెనీ అంత సాహసం చేయగలిగిందంటే, మొదటి ఇరవై ఏళ్లు ప్రతి పరికరాన్నీ పట్టి పట్టి చూసి, బాగోలేకపోతే పంపని ఒక మనిషి వర్క్‌షాపులో ఉండబట్టే అని నేను అనుకుంటాను. ఆ మనిషి పేరు కంపెనీ నేమ్‌బోర్డు మీద చాలా ఏళ్లు ఉంది, మీ కథనంలో మాత్రం లేదు.

ఇంకో సంగతి. బయటి పెట్టుబడి ఎందుకు, ఇంటిదే చాలదా అని వెర్నర్ చివరిదాకా బ్యాంకుల్ని దూరంగానే పెట్టాడు. ఎడిసన్ పేటెంట్లతో ఎమిల్ రాథెనావ్ పెట్టిన పోటీ కంపెనీ ఏఈజీ మాత్రం బ్యాంకు డబ్బుతో దూసుకుపోయింది. వెర్నర్ 1892లో పోయాక ఐదేళ్లకి, 1897లో, సీమెన్స్ అండ్ హాల్స్కే షేర్ల కంపెనీగా మారింది. మా ఇంట్లో కూడా ఇదే చర్చ, అప్పు తెచ్చి టెస్టింగ్ బెంచ్ కొందామని నేను, ఇంకో షెడ్డు వేద్దామని తమ్ముడు. ఎవరు గెలుస్తారో చూడాలి.

నేను అడిగేది ఒక్కటే. ఇకమీదట ఇలాంటి కంపెనీ మీద రాసేటప్పుడు యజమానిని ఎలా ఎదిగారని అడిగాక, సరుకు పంపొద్దని మీకు చెప్పగలిగేవాళ్లు ఎవరండీ, ఆఖరిసారి ఎప్పుడు చెప్పారు, మీరు విన్నారా అని కూడా అడగండి. ఫోటోలో ఆ మనిషిని కూడా నిలబెట్టండి.

మా మేస్త్రి పోయిన ఏడాది పని మానేశారు, కళ్లు సరిగా ఆనడం లేదు. ఆ సంతకం ఇప్పుడు ఎవరు పెట్టాలన్నది ఇంకా తేలలేదు. తమ్ముడి కొడుకు ఇంజనీరింగ్ చదివాడు కాబట్టి వాడు పెడతాడని ఇంట్లో అందరూ అంటున్నారు. నేను వద్దంటున్నాను.

ఇట్లు,
టెస్టింగ్ రిజిస్టర్ రాసే ఒక పాఠకురాలు