చిన్న బ్యాంకుకు ఎందుకు మారానంటే

డర్హమ్, నార్త్ కరొలైనా

నాన్నగారికి నమస్కారాలు.

పెద్ద బ్యాంకు వదిలి ఎవరూ వినని చిన్న బ్యాంకుకు ఎందుకు మారావని ఫోనులో అడిగారు. పిల్లల గోలలో సరిగ్గా చెప్పలేకపోయాను. ముందు మీ దిగులు తీరుస్తాను: 2,50,000 డాలర్ల వరకు డిపాజిట్లకు ప్రభుత్వ సంస్థ హామీ ఉంది. పెద్ద బ్యాంకుకైనా దీనికైనా అది ఒకటే.

దీని పేరు మెకానిక్స్ అండ్ ఫార్మర్స్ బ్యాంకు. వేరే చోట అప్పు పుట్టని నల్లజాతి వాళ్లు 1908లో ఇక్కడి ప్యారిష్ వీధిలో తెరుచుకున్నారు. అంతకు పదేళ్ల ముందే బీమా కంపెనీ పెట్టుకున్నారు. దాని స్థాపకుల్లో ఒకరైన జాన్ మెరిక్ బానిసత్వంలో పుట్టి, క్షౌరశాలలు నడిపి పైకి వచ్చిన మనిషి.

నేను ఆఫీసుకు వెళ్లే హైవే హేటై అనే పేట మీదుగా పోతుంది. దుకాణాలు, హోటళ్లు, సినిమా హాళ్లతో కళకళలాడిన నల్లవాళ్ల పేట అది. 1960ల్లో పట్టణాభివృద్ధి పేరుతో కూలగొట్టడం మొదలుపెట్టి ఈ రోడ్డు వేశారు. మళ్లీ కట్టిస్తామన్న మాట చాలావరకు మాటగానే మిగిలింది. కొన్ని దుకాణాలను రేకుల షెడ్లలోకి మార్చారు. రోడ్డు విస్తరణలో మన కొట్టు ముందు భాగం పోయినప్పుడు మీరు పడ్డ బాధ నాకు తెలుసు. అయినా మన ఖాతాదారులు అదే వీధిలో ఉన్నారు కాబట్టి నిలదొక్కుకున్నాం. ఇక్కడ కొట్లతో పాటు కొనేవాళ్ల ఇళ్లూ పోయాయి. ఆ సంగతి తెలిశాక నా డబ్బు ఎక్కడ ఖర్చవుతుందో చూసుకోకుండా ఉండలేకపోతున్నాను.

మా ఇంటికి దగ్గర్లో ఒక నల్లజాతి ఆవిడ బేకరీ నడుపుతోంది. బాబు పుట్టినరోజుకు గుడ్డు లేని కేకు అడిగితే, వెంటనే ఒప్పుకోలేదు. పెరుగు కలిపి ముందు చిన్నది చేసింది. పొయ్యి నుంచి తీయగానే మధ్యలో వేలితో మెల్లగా నొక్కింది. గుంట పడి అలాగే ఉండిపోయింది. మరోసారి చేసింది, ఈసారి నొక్కిన చోటు తిరిగి పైకి లేచింది. అప్పుడే ఆర్డరు రాసుకుంది. అలాంటి పనితనానికి డబ్బిస్తున్నాను, దయతో కాదు.

అయితే మనవాళ్లలో కొందరి తీరు నాకు నచ్చలేదు. వేడుకకు వంద మందికి కేకులు చెప్పి, ధర తగ్గించమని పట్టుబట్టి, డబ్బు నెల తర్వాత ఇస్తామంటారు. పెద్ద సంస్థ అయితే ఓర్చుకుంటుంది. ఈవిడ పిండి, వెన్న కొనాల్సింది ముందుగానే కదా! అప్పు సులభంగా దొరకని వాళ్లకు అడ్వాన్సే పెట్టుబడి. అరువు వసూలు కాక మీరు సరుకు తెచ్చుకోలేకపోయిన రోజులు చూసినదాన్ని, ఊరుకోలేకపోయాను. ఉగాదికి కేకులు ఆవిడ దగ్గరే చెప్పాలని, సగం సొమ్ము ముందే ఇవ్వాలని సంఘం వాళ్లకు రాశాను. ఇద్దరు ఒప్పుకున్నారు. మిగతావాళ్లతో ఆదివారం మాట్లాడతాను.

హోల్‌సేల్ వాళ్లు మీకు ఎన్ని రోజుల గడువు ఇచ్చేవారో, అడ్వాన్సు ఎంత అడిగేవారో వీలు చూసుకుని రాయండి. సంఘం వాళ్లకు ఆ లెక్క చూపిస్తాను. అమ్మకు నమస్కారాలు చెప్పండి.

మీ పెద్దమ్మాయి