సమాచార కమిషనర్ల జీతం చట్టంలోనే ఉండాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

అడిగిన సమాచారం అందలేదన్న అప్పీళ్లు, ఫిర్యాదులు విచారించే సమాచార కమిషనర్లు ప్రభుత్వాన్ని నిలదీయాల్సినవారు; వారి జీతాన్ని ఆ ప్రభుత్వమే నిర్ణయించవచ్చునా అన్న ప్రశ్న 2019లో సమాచార హక్కు చట్టాన్ని సవరించినప్పుడు కొన్నాళ్లు వినిపించి, తర్వాత మరుగున పడింది. అది అలా మరుగున పడిపోవడం నాకు బాధ కలిగిస్తోంది.

2005 నాటి చట్టంలో 13వ సెక్షన్ తీసి చూస్తే, ప్రధాన సమాచార కమిషనర్ జీతభత్యాలు ప్రధాన ఎన్నికల కమిషనర్‌తో సమానమనీ, పదవీకాలం ఐదేళ్లనీ స్పష్టంగా రాసి ఉంది. సవరణ తర్వాత ఆ చోట కనిపించేది, అవన్నీ కేంద్ర ప్రభుత్వం నిర్దేశించినట్లు ఉంటాయన్న మాటే. ఆ అధికారంతో అదే ఏడాది చేసిన నియమాలు పదవీకాలాన్ని మూడేళ్లకు కుదించి, ప్రధాన కమిషనర్‌కు నెలకు 2.50 లక్షలు, కేంద్రంలోని మిగతా కమిషనర్లకు 2.25 లక్షల రూపాయలు ఖరారు చేశాయి. నా అభ్యంతరం ఆ మొత్తం మీద కాదు. పదవిలో ఉన్నవారి జీతం తగ్గించరాదన్న రక్షణ సవరణలోనూ ఉంది, నిజమే. కానీ తర్వాత వచ్చేవారికి ఎంతివ్వాలో, ఎన్నేళ్లు ఉంచాలో మార్చడానికి బిల్లు అక్కర్లేదు, గెజెట్‌లో ఒక నోటిఫికేషన్ చాలు. గవర్నర్ నియమించే రాష్ట్ర కమిషనర్లకూ ఇదే వర్తిస్తుంది. నియమాలను 30 రోజులు పార్లమెంటు ముందుంచాలని 29వ సెక్షన్ చెబుతున్నా, అప్పటికే అవి అమల్లో ఉంటాయి.

సుప్రీంకోర్టు న్యాయమూర్తుల జీతాలకు 125వ అధికరణంలోను, ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ జీతానికి 148వ అధికరణంలోను రాజ్యాంగకర్తలు ‘పార్లమెంటు చట్టం ద్వారా’ అని రాశారంటే, ఆ పని ఎవరి చేతుల్లో ఉండాలన్న స్పృహ వారికి ఉన్నందువల్లనే. చట్టసభ తన ముఖ్యమైన శాసన బాధ్యతను ఇతరులకు అప్పగించరాదన్న సూత్రం సుప్రీంకోర్టు 1951లో తేల్చిన ఢిల్లీ చట్టాల కేసు నుంచీ ఉంది. అయితే కోర్టులు ప్రతిసారీ అడ్డుపడతాయనుకోలేం. ప్రత్యేక రకాల వివాదాలను విచారించే ట్రిబ్యునళ్ల సభ్యుల జీతాలు, పదవీకాలం నిర్ణయించే అధికారాన్ని ప్రభుత్వానికిచ్చిన 2017 ఆర్థిక చట్టం 184వ సెక్షన్‌ను 2019 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం సమర్థించి, దాని కింద చేసిన నియమాలను మాత్రమే కొట్టివేసింది.

ఎన్నికల సంఘం రాజ్యాంగబద్ధమైనది, సమాచార కమిషన్ కేవలం చట్టంతో ఏర్పడినది, కాబట్టి సమాన హోదా తగదని అప్పట్లో ప్రభుత్వం వాదించింది. అంత మాత్రాన ఆ నిర్ణయాన్ని నియమాలకు వదిలేయాల్సిన అవసరం లేదు. తగిన జీతమేదో, పదవీకాలమెంతో పార్లమెంటే చర్చించి చట్టంలో రాయవచ్చు. ఆ సవరణను మన ఎంపీలు వచ్చే సమావేశాల్లోనే కోరాలని నా విన్నపం.

ఇట్లు,
ఒక పాఠకుడు