‘ఆ విషయం ఎత్తొద్దు’ అన్నది మనమే

సంపాదకుల గారికి,

మా స్కూల్లో పదో తరగతి అబ్బాయి హత్య వార్త మీ పేపర్లో వరసగా మూడు రోజులు వచ్చింది, నాలుగో రోజు నుంచి లేదు. అది తప్పని అనడం లేదు, పేపరన్నాక కొత్త వార్తలు వస్తూనే ఉంటాయి. నేను ఆ అబ్బాయి క్లాస్ టీచర్ని. నాలుగో రోజు నుంచి మా క్లాసులో ఏం జరుగుతోందో చెప్దామని ఈ ఉత్తరం. కేసు గురించి ఒక్క ముక్క కూడా రాయను, అది పోలీసులూ కోర్టూ చూసుకుంటాయి.

స్కూలు మళ్లీ తెరిచిన రోజు పొద్దున అటెండెన్స్ తీసుకుంటూ 16 పిలిచాను, అలవాటు కొద్దీ నోటికి ఆ అబ్బాయి నంబరు 17 వచ్చేసింది. నాకు గుండె ఆగినంత పనైంది. క్లాసంతా నన్నే చూస్తోంది. అప్పుడు చివరి బెంచీ నుంచి ఒకమ్మాయి మెల్లగా ‘పర్లేదు మేడం’ అంది. పదిహేనేళ్ల పిల్ల నన్ను ఓదార్చింది! ఆ మాట నేను కదా వాళ్లకి చెప్పాల్సింది.

ముందురోజు స్టాఫ్ మీటింగ్‌లో మాకు చెప్పిన మాట ఒక్కటే, ఆ విషయం ఎత్తొద్దు, పిల్లలు డిస్టర్బ్ అవుతారు, సిలబస్ మీద పెట్టండి వాళ్ల దృష్టి. ఇళ్లలో కూడా అదే మాట. పిల్లాడు అన్నం సరిగా తినడం లేదని నాకు ఫోన్ చేసిన ఒక తండ్రి కూడా ‘మేమైతే ఇంట్లో ఆ పేరే ఎత్తడం లేదు టీచర్ గారూ’ అని కాస్త గర్వంగానే చెప్పారు. ఆయన్ని తప్పుపట్టలేను, నేనూ అదే చేశాను కాబట్టి. కానీ మనం నోరు మూసుకున్నంత మాత్రాన పిల్లలు ఆగరు కదా. ఆ అబ్బాయి పడి ఉన్న ఫొటో ఆ రాత్రికే పిల్లల ఫోన్లలో ఉంది, ఎవరు తీశారో ఎవరు పంపారో తెలీదు. అంటే పెద్దవాళ్లెవరూ మాట్లాడని విషయాన్ని పిల్లలు అర్ధరాత్రి దుప్పటి కింద ఒక్కరే చూశారు. ఇంతకంటే ఘోరం ఉంటుందా?

జబ్బు చేసి పోయినా, యాక్సిడెంట్‌లో పోయినా స్నేహితులకి దుఃఖమే. హత్య అంటే దానికి ఇంకో నాలుగు తోడవుతాయి. మొదటిది భయం, ఎందుకంటే చేసినవాడు ఎక్కడినుంచో ఊడిపడలేదు, రోజూ కనపడే మనిషే. తర్వాత పుకార్లు, చిన్న ఊళ్లో అవి ఎలా ఉంటాయో మీకు చెప్పనక్కర్లేదు. ఆపైన పోలీసుల ప్రశ్నలు, ‘చివరిగా ఎప్పుడు చూశావు, ఏం మాట్లాడావు’ అని. అన్నిటికంటే ఎక్కువగా తినేసేది, తప్పంతా నాదే అన్న ఆలోచన. ఒక కుర్రాడికి ఆ సాయంత్రం చనిపోయిన అబ్బాయి నుంచి మెసేజ్ వచ్చింది, ‘బయటికి వస్తావా’ అని. వీడు చూసి కూడా జవాబివ్వలేదు, ఏదో చిన్న అలక. ఈ సంగతి నాకు చెప్పడానికి వాడికి ఐదు వారాలు పట్టింది. ఐదు వారాలూ వాడు క్లాసులో నోట్సు రాసుకుంటూనే ఉన్నాడు, లెక్కల టెస్టులో మార్కులు కూడా బాగానే వచ్చాయి, అందుకే వాడు లోపల ఇంత బాధపడుతున్నాడని మా ఎవరికీ అనుమానం రాలేదు.

ఇంకో పిల్ల సంగతి చెప్తే మీరు ఏమనుకుంటారో తెలీదు గానీ చెప్పి తీరాలి. నిందితుడి చెల్లెలు మా స్కూల్లోనే కింది క్లాసులో ఉంది. ఆ పిల్ల పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. ఆ పిల్ల ఏం చేసిందని?

మా వాళ్లేమీ చేయలేదని కాదు. పదో రోజున ఒక కౌన్సెలర్‌ని పిలిపించారు. ఆయన క్లాసునంతా హాల్లో గుండ్రంగా కూర్చోబెట్టి, వార్త వినగానే ఎవరికి ఏమనిపించిందో ఒక్కొక్కరూ లేచి చెప్పాలన్నారు. ఇద్దరు బయటికి పరిగెత్తారు. అప్పటిదాకా కొన్ని విషయాలు తెలియని పిల్లలకి ఆ రోజే తెలిశాయి. ఒకటిన్నర గంటలో అయిపోయింది, ఆయన మళ్లీ రాలేదు, స్కూలు రికార్డులో మాత్రం కౌన్సెలింగ్ పూర్తి అని రాసుకున్నారు. తర్వాత కూర్చుని చదివితే తెలిసింది, జరిగిందంతా ఒక్క సిటింగ్‌లో బలవంతంగా చెప్పించే ఈ పద్ధతి వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పిందట. ఆ సంస్థ 2011లో ఇంకో రెండు సంస్థలతో కలిసి ఒక చిన్న గైడ్ తెచ్చింది. దాని సారమంతా మూడు మాటలు, చూడండి, వినండి, సాయం చేయగలవాళ్లతో కలపండి. చెప్పాలనుకున్నవాళ్లు చెప్తారు, చెప్పనివాళ్లని ఒత్తిడి పెట్టకూడదు. దీనికి పెద్ద డిగ్రీ కూడా అక్కర్లేదు, నాలాంటి లెక్కల టీచర్ కూడా నేర్చుకోవచ్చు. మాకు ముందే ఎవరైనా నేర్పి ఉంటే ఎంత బాగుండేది.

‘పిల్లలు కదండీ, త్వరగా మర్చిపోతారు’ అనే మాట ఈ రెండు నెలల్లో ఎన్నిసార్లు విన్నానో. 1976లో అమెరికాలో చౌచిల్లా అనే చిన్న ఊళ్లో 26 మంది బడిపిల్లల్ని స్కూలు బస్సులోంచి ఎత్తుకుపోయి నేలలో పాతిన ఒక బండిలో బంధించారు. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. లెనోర్ టెర్ అనే మానసిక వైద్యురాలు నాలుగైదేళ్ల తర్వాత ఆ పిల్లల్ని మళ్లీ కలిస్తే, ఒక్కరు కూడా పూర్తిగా తేరుకోలేదు. తమకి ముందు పెద్ద జీవితం ఉందన్న నమ్మకమే చాలామందిలో సన్నగిల్లిందని ఆవిడ రాశారు. ఇది చదివినప్పుడు నాకు మా క్లాసులో ఒకమ్మాయి అన్న మాట గుర్తొచ్చింది, పై చదువుల గురించి అడిగితే ‘అప్పటిదాకా ఉంటే చూద్దాం లెండి మేడం’ అంది. నేను జోక్ అనుకుని నవ్వేశాను.

మానసిక జబ్బుల్ని నిర్ధారించడానికి డాక్టర్లు వాడే, అమెరికా మానసిక వైద్యుల సంఘం 2022లో సవరించిన పుస్తకం ప్రకారం, పిల్లల్లో దుఃఖాన్ని జబ్బు అనాలంటే చావు జరిగి కనీసం ఆరు నెలలు కావాలి. డాక్టర్లే ఆరు నెలలు ఆగుతుంటే మేము పదకొండో రోజున ‘ఇక చాలు, పరీక్షలు దగ్గర పడుతున్నాయి’ అన్నాం. ఆ అబ్బాయి బెంచీని కూడా ఒక ఆదివారం చప్పుడు చేయకుండా తీసేయించారు. సోమవారం వచ్చిన పిల్లలు దాని కోసం వెతుక్కున్నారు. తీయాలా ఉంచాలా, ఉంచితే ఎన్నాళ్లు అని వాళ్లనే అడిగి ఉంటే పోయేదేముంది? ఇప్పుడు అడుగుతున్నాను. రోజూ ఆఖరి పీరియడ్ నుంచి పది నిమిషాలు పక్కన పెట్టాను, మాట్లాడేవాళ్లు మాట్లాడతారు, లేనివాళ్లు కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు. మొన్న వాళ్లంతట వాళ్లే ఆ అబ్బాయి వేసే కోతి వేషాలు తలుచుకుని పగలబడి నవ్వారు. పక్క క్లాసు టీచర్ వచ్చి ఏంటీ గోల అని అడిగారు కూడా.

ఇక మీ సంగతి. మూడు రోజులూ మీరు యూనిఫాంలో ఉన్న ఆ అబ్బాయి ఫొటో వేశారు, టీవీ వాళ్లు దాన్నే రోజంతా తిప్పారు. 2013లో అమెరికాలో బోస్టన్ మారథాన్ పరుగు పందెం దగ్గర జరిగిన బాంబు పేలుళ్ల తర్వాత పెద్దవాళ్ల మీద చేసిన ఒక సర్వేలో, ఆ వారమంతా రోజుకి ఆరు గంటలు, అంతకంటే ఎక్కువ ఆ వార్తలే చూసినవాళ్లకి అక్కడ స్వయంగా ఉన్నవాళ్లకంటే కూడా ఎక్కువ టెన్షన్ కనిపించింది. పెద్దవాళ్లకే అలా ఉంటే ఆ ఫొటోలో ఉన్న యూనిఫామే రోజూ వేసుకుని వచ్చే పిల్లల సంగతి ఆలోచించండి. మీ విలేకరి గేటు బయట ఇద్దరు పిల్లల్ని ఆపి ‘ఎలా అనిపిస్తోంది’ అని అడిగారు, వాళ్ల తల్లిదండ్రులకి చెప్పకుండానే. వాళ్లలో ఒకడు ఆ తర్వాత నాలుగు రోజులు స్కూలుకి రాలేదు.

వార్త రాయొద్దని నేనెలా అంటాను. వచ్చే నెలలో విచారణ మొదలవుతుందని అంటున్నారు. అప్పుడు మళ్లీ ఫొటోలూ హెడ్డింగులూ వస్తాయి, పిల్లల్లో ఇద్దరు సాక్షులు కూడా. గేటు దగ్గర పిల్లల్ని ఆపకండి. వార్త వేసే ముందురోజు సాయంత్రం స్కూలుకి ఒక్క ఫోన్ చేయండి చాలు, తెల్లారి పేపర్లో చూసుకునేలోపే వాళ్లకి నేను చెప్పుకుంటాను.

ఇట్లు,
ఒక పదో తరగతి టీచర్
(నా పేరు, ఊరి పేరు వేయొద్దని మనవి)