మెరీనాలో సుండల్ (గుగ్గిళ్లు) అమ్మే అక్కకి

రాత్రి రెండింటికి నెల్లూరు చేరాం. భుజాలు లాగేస్తున్నాయి, అయినా నిద్ర రావట్లేదు. ఇది రాసేస్తే గానీ పట్టేలా లేదు.

మా ఆయనకి లారీ యాక్సిడెంట్ అయి ఆరేళ్లు. నడుము కింద స్పర్శ లేదు, చక్రాల కుర్చీలోనే ఉంటారు. నాన్నతో సముద్రానికి వెళ్లాలని పిల్లలు ఎన్నాళ్లుగానో అడుగుతున్నారు. మైపాడు మాకు పాతిక కిలోమీటర్లే, కానీ ఇసుకలో కుర్చీ నాలుగడుగులు కూడా కదలదు. చెన్నై మెరీనాలో వివేకానందర్ ఇల్లం ఎదురుగా కుర్చీల కోసం చెక్కదారి ఉందని తెలిసి బయల్దేరాం. 2022 నవంబర్‌లో తెరిచారు, 263 మీటర్లు. తెరిచిన కొద్ది రోజులకే మాండూస్ తుఫాను దెబ్బతీస్తే మళ్లీ బాగుచేశారు. దాని మీద ఆయనే చక్రాలు తిప్పుకుంటూ వెళ్తుంటే నేను వెనకాల ఉత్త చేతులతో నడిచాను. ఆరేళ్లలో మొదటిసారి.

దారి అయిపోయాక నీళ్లు ఇంకా కొంచెం దూరం. పిల్లలు పరిగెత్తారు. ఆయన ముఖం చూసి ఉండబట్టలేక ఇసుకలోకి దించాం, ముందు చక్రాలు దిగబడిపోయాయి. చుట్టూ చేరినవాళ్లు 'ఏమైంది ఆయనకి?' అని నన్నే అడుగుతున్నారు. ఎక్కడికెళ్లినా అంతే, ఆయన అక్కడ లేనట్టే.

సుండల్ అమ్మే అక్క ఒకామె గంప దించి వచ్చింది. నా వైపు చూడనైనా లేదు. ఆయన ముందు గొంతుక్కూర్చుని, 'అణ్ణా, పిడిక్కలామా?' అంది. పట్టుకోవచ్చా అని. ఆయన్నే అడిగింది. అక్కడే నాకు ఏడుపు ఆగలేదు.

ఆయన ఊ అన్నాక కుర్చీని వెనక్కి తిప్పించింది. పెద్ద చక్రాలు ముందుంటే దిగబడవట. తను కూర్చునే గోనెసంచులు తెచ్చి కింద పరిచింది. అలా నీళ్ల దాకా లాగాం. అల వచ్చి పాదాల మీద పడింది, ఆయనకి తెలియలేదు. ఆమె చెంబుతో సముద్రపు నీళ్లు తెచ్చి ఆయన దోసిట్లో పోసింది. ఆ నీళ్లతోనే ముఖం కడుక్కున్నారు. డబ్బులిస్తే తీసుకోలేదు. పిల్లలు కొన్న రెండు పొట్లాలకి మాత్రం లెక్కగా తీసుకుంది. పేరడగాలని కూడా తోచలేదు నాకు. అక్కా, నీ రుణం తీర్చుకోలేను.

తమ్ముడు కారు నడిపాడు, ఎత్తాడు, దించాడు. అత్తమ్మ వంట కట్టిచ్చింది. వాళ్లకి థాంక్స్ చెబితే తిడతారు.

మేం దిగిన లాడ్జి సంగతి కూడా చెప్పాలి. ఫోన్‌లో 'లిఫ్ట్ ఉందండీ' అన్నారు. ఉంది, మూడు మెట్లు ఎక్కాక! బాత్రూం తలుపులో కుర్చీ పట్టలేదు. నలభైరెండేళ్ల మనిషిని తమ్ముడు రెండు చేతుల మీద మోసుకెళ్లాడు, పిల్లల ముందే. జనం వాడే పాత భవనాల్ని ఇలాంటివాళ్లకి వీలుగా ఐదేళ్లలో మార్చాలని 2016 వికలాంగుల హక్కుల చట్టంలో రాశారు. రూల్స్ 2017లో వచ్చాయి. ఆ రూల్స్‌ని కచ్చితం చెయ్యమని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. మూడు మెట్ల పక్కన ఒక వాలు కట్టడానికి ఎన్ని బస్తాల సిమెంట్ కావాలి?

అయ్యో, మర్చిపోయా. ఆ మెట్ల దగ్గర కుర్చీ పట్టిన ఇద్దరు కాలేజీ పిల్లలకి కూడా థాంక్స్. చక్రంలో గాలి దిగితే కొట్టిచ్చి రూపాయి తీసుకోని సైకిల్ షాపు తాతకి కూడా. ఇంకా, మేం లేని రెండు రోజులూ గేదెకి మేత వేసిన పక్కింటి వదినకి.